‘ఖాళీ’ ఆస్ట్రేలియా ఫార్వర్డ్‌కి జవాబు

మా కాలేజీ గ్రూపులో అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఆస్ట్రేలియా ఎవరూ లేని ఖాళీ నేలట, బ్రిటిష్‌వాళ్లు ఖైదీలతో దాన్ని దేశంగా మార్చారట, అక్కడున్న వాళ్లంతా దొంగల సంతానమేనట, మొదటినుంచీ టాలెంట్ చూసే రానిచ్చారట, రహస్య ఓటు కూడా వాళ్లే నేర్పారట.

దొంగల సంతానం సంగతి తేల్చేద్దాం. 1868తో ఖైదీల రవాణా ఆగిపోయేసరికి వచ్చినవాళ్లు లక్షా అరవై వేల పైచిలుకు. 1851లో బంగారం బయటపడ్డాక పదేళ్లలో అక్కడి ఒక్క విక్టోరియా ప్రాంతానికే అంతకన్నా ఎక్కువమంది వచ్చిపడ్డారు. అయిపోయింది.

‘ఖాళీ’ అన్నదే అసలు విషం. 1835లో జాన్ బ్యాట్‌మన్ అనేవాడు ఇప్పటి మెల్‌బోర్న్ దగ్గర దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి ఇచ్చి ఆరు లక్షల ఎకరాలు రాయించుకున్నాడు. ఎవరి చేత? కంగారూల చేతా? గవర్నర్ బర్క్ ఆ బేరాన్ని కొట్టేశాడు. మోసం జరిగిందని కాదు, ఆ నేల బ్రిటిష్ రాజుగారిది కాబట్టి అమ్మే హక్కు అక్కడివాళ్లకు లేదని! అదే విక్టోరియాలో బుజ్ బిమ్ దగ్గర గుండిచ్‌మార అనే ఆదివాసీ జనం లావా రాళ్లతో కాలవలు, అడ్డుకట్టలు కట్టి, ఈల్ చేపల్ని మళ్లించి, అల్లిన బుట్టల్లో పట్టేవాళ్లు. ఆ కట్టడాల్లో పాతవాటి వయసు 6,600 ఏళ్లు. ఈ ‘ఖాళీ’ వాదాన్ని కోర్టు కొట్టేయడానికి 1992 దాకా పట్టింది. తాతముత్తాతల నేల తనది కాదన్నందుకు కేసు వేసిన ఎడ్డీ మాబో ఆ తీర్పు వినలేదు, కొన్ని నెలల ముందే పోయాడు.

ఇక టాలెంట్. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో అర పాయింట్ తగ్గితేనే మనకి టెన్షన్ కదా? 1901 వలసల చట్టం ప్రకారం అధికారి తనకు నచ్చిన యూరప్ భాషలో 50 పదాలు డిక్టేషన్ చెప్పొచ్చు, రాయలేకపోతే రానివ్వకపోవచ్చు. వద్దనుకున్నవాడికి రాని భాషే ఎంచుకునేవాళ్లు, అంతే. 1934లో హిట్లర్ వ్యతిరేకి, జర్నలిస్టు ఎగాన్ కిష్ వచ్చాడు. ఆయనకు చాలా భాషలు వచ్చు, అందుకని స్కాట్లండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. టాలెంట్‌కి ఎంత మర్యాదో చూడండి! ఆ పరీక్షను 1958లో ఎత్తేశారు, రంగు చూడటం పూర్తిగా మానేసింది 1973లో. మనవాళ్లు సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో గుంపులుగా దిగింది ఆ తర్వాతే.

రహస్య ఓటు మాట మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. ప్రభుత్వమే అచ్చేసిన బ్యాలెట్ మీద చాటుగా ఓటేసే పద్ధతి 1856లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో మొదలైంది. అమెరికాలో దాన్ని ఆస్ట్రేలియన్ బ్యాలెట్ అనే అన్నారు. కాకపోతే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు అక్కడి ఆదివాసులందరికీ అందింది 1962 మే నెలలో. అప్పటికి మనకి మూడు సార్వత్రిక ఎన్నికలు అయిపోయాయి.