సవరణ: జీరో బల్బు గురించి నేను రాసింది తప్పు

పోయిన వారం ఇక్కడ "కళ్లు మూసుకున్నాక గదిలో లైటు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే, నీలం వెలుతురు లేకపోతే చాలు" అని రాశాను. రెండు ముక్కలూ సరిగ్గా లేవు.

కనురెప్పలు వెలుతురును తగ్గిస్తాయి గానీ పూర్తిగా ఆపవు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2022లో ప్రచురించిన ప్రయోగంలో ఉన్నది 20 మందే. అయినా ఒక్క రాత్రి 100 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురులో పడుకున్నవాళ్లకి నిద్రలో గుండె వేగం పెరిగింది, పొద్దున్నే ఇన్సులిన్ సరిగా పనిచేయలేదు. నిద్ర హార్మోన్ మెలటోనిన్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదట! పోయిన వారం నేనేమో అన్నీ దాని నెత్తినే వేశాను.

నీలం సంగతి సగం నిజం. 480 నానోమీటర్ల దగ్గరి, అంటే నీలం, వెలుతురుకి ఎక్కువగా స్పందించే కణాలు కంట్లో ఉన్నాయి. కానీ పసుపు బల్బయినా గట్టిగా వెలిగితే అవి మేలుకుంటాయి.

అలాగని జీరో బల్బు చూసి టెన్షన్ పడకండి, అది 100 లక్స్‌కి చాలా దూరం. చిక్కడపల్లిలో మా రెండో అంతస్తు గదికి అసలు దొంగ వీధిలైటు. పరదా సందులోంచి తెల్లటి గీత సరిగ్గా దిండు మీద పడుతోంది. సందుకి రెండు పిన్నీసులు పెట్టాను. అమ్మ రాత్రి బాత్రూంకి లేస్తుంది కాబట్టి జీరో బల్బు తీయలేదు, మంచం వెనక నేలకి దగ్గరగా మార్చాను.