సెరాంపూర్ సనదు: సగంలో ఆగిన పని

2027 ఫిబ్రవరి 23 నాటికి సెరాంపూర్ కళాశాల సనదుకు రెండువందల ఏళ్లు నిండుతాయి. డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ 1827లో ఇచ్చిన ఆ పత్రంతో హుగ్లీ ఒడ్డున ఉన్న ఒక బాప్టిస్టు కళాశాలకు పట్టాలిచ్చే అధికారం వచ్చింది. కలకత్తా, మద్రాసు, బొంబాయి విశ్వవిద్యాలయాలు పుట్టడానికి అప్పటికింకా ముప్పై ఏళ్ల వ్యవధి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, దైవశాస్త్ర పట్టా) చదివిన పాస్టర్లలో చాలామంది పట్టా మీద ఈనాటికీ ఉండేది సెరాంపూర్ పేరే. కాబట్టి ఇది బెంగాల్ వాళ్ల పండుగే అనుకుని ఊరుకోవడానికి లేదు. సభలు, సన్మానాలు ఎలాగూ జరుగుతాయి. ఆ కళాశాల ఏ పని కోసం పుట్టిందో అందులో సగం ఇంకా మిగిలే ఉంది. దాని గురించే మా మాట.

కళాశాలను 1818లో స్థాపించిన ముగ్గురూ గొప్పింటి బిడ్డలు కారు. విలియం కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికినవాడు. జాషువా మార్ష్‌మన్ బడిపంతులు. విలియం వార్డ్ అచ్చుపనివాడు. ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలో మిషనరీలను పని చేసుకోనివ్వలేదు. అందుకే వారు డేనిష్ వారి పట్టణమైన సెరాంపూర్‌లో తలదాచుకున్నారు. 1800లో ముద్రణాలయం పెట్టారు. 18 ఏళ్ల తర్వాత కళాశాల ప్రణాళికను ప్రకటించారు. ప్రాచ్య సాహిత్యం, యూరప్ శాస్త్రం రెండూ నేర్పుతామని, క్రైస్తవులతోపాటు ఇతర యువకులనూ చేర్చుకుంటామని దాని శీర్షికలోనే చెప్పారు. తొలి జట్టులో 37 మంది విద్యార్థులు చేరారు. వారిలో హిందువులూ ఉన్నారు.

ఆ ప్రణాళికలో చదువు సాగే వరసను గమనించాలి. విద్యార్థికి ముందు సొంత భాష మీద, సంస్కృతం మీద గట్టి పట్టు రావాలి. భూగోళం, ఖగోళం, రసాయనం ఆ భాషల ద్వారానే అందాలి. ఇంగ్లిష్ ఆ పునాది పడ్డాక, అదీ కొందరికే. ఇది కాగితం మీద మాటగా మిగిలిపోలేదు. అక్కడ రసాయనశాస్త్రం బోధించిన జాన్ మాక్ 1834లో ఆ శాస్త్రం మీద బెంగాలీలో పుస్తకం వేశాడు. 1833 నాటి నిబంధనావళి మరో అడుగు ముందుకు వేసింది. కులం, రంగు, దేశం ఏదీ ప్రవేశానికి అడ్డు కారాదంది. మతవిశ్వాసం గురించి విద్యార్థితో ప్రమాణం చేయించరాదంది. పంచములను బడి గడప తొక్కనివ్వని కాలంలో రాసుకున్న నిబంధన అది. బాప్టిస్టు సంప్రదాయంలో మనస్సాక్షి స్వేచ్ఛకు ఉన్న విలువ అందులో నేరుగా కనిపిస్తుంది.

మరి పని ఎక్కడ ఆగింది? మొదటి కారణం డబ్బు. కళాశాలను పోషించింది ముఖ్యంగా ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీ జీతం, మార్ష్‌మన్ దంపతుల బోర్డింగ్ స్కూలు రాబడి, ముద్రణాలయం ఆదాయం. ముగ్గురి చెమట మీద నడిచే సంస్థకు తగినంత మూలధనం లేకపోయింది. 1830లో పామర్ కంపెనీతో మొదలై కలకత్తాలోని పెద్ద వర్తక సంస్థలు వరసగా దివాలా తీశాయి. దాచుకున్న సొమ్ము వాటితోపాటే పోయింది. సుమారు అదే సమయానికి కేరీ ఉద్యోగమూ రద్దయింది. వార్డ్ 1823లో, కేరీ 1834లో, మార్ష్‌మన్ 1837లో కన్నుమూశారు. 1845లో డేనిష్ వారు పట్టణాన్ని కంపెనీకి అమ్మేశారు. సనదు హక్కులు యథాతథంగా ఉంటాయని ఒప్పందంలో రాయించుకున్నారు గానీ, ఆ హక్కులను వాడుకునే అధ్యాపక బలం అప్పటికి లేదు.

రెండో కారణం, మా దృష్టిలో అసలు కారణం, 1857లో పడింది. ఆ ఏడు కళాశాల కలకత్తా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. అప్పటినుంచి పాఠ్యం, పరీక్ష, భాష అన్నీ అక్కడినుంచి వచ్చాయి. స్థాపకులు వద్దనుకున్న వరసే, అంటే ముందు ఇంగ్లిష్, తర్వాతే ఏదైనా అన్న పద్ధతే అమల్లోకి వచ్చింది. ఇక ఇలాంటి కాలేజీలు కలకత్తాలోనే బోలెడు. ఆ పోటీలో నిలవలేక 1883లో ఆర్ట్స్ విభాగం మూతపడింది. 1910లో జార్జ్ హవెల్స్ ప్రిన్సిపాల్‌గా ఉండగా పాత సనదు దుమ్ము దులిపి దైవశాస్త్రంలో పట్టా తరగతులు తెరిచారు. తొలి బీడీ పట్టాలు 1915లో ఇచ్చారు. చేతిలో ఉన్న అధికారాన్ని వాడడానికి 88 ఏళ్లు పట్టిందన్నమాట. 1918లో బెంగాల్ శాసనమండలి చేసిన చట్టం ఇతర క్రైస్తవ సంఘాలకూ పాలనలో చోటిచ్చింది. ఒక బాప్టిస్టు కళాశాల సెనేట్ (పాఠ్యం, పరీక్షలు చూసే మండలి) కింద లూథరన్లు, మెథడిస్టులు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు పరీక్షలు రాయడానికి ఆధారం అదే.

తెలుగుతో సెరాంపూర్ బంధం కళాశాల కంటే పాతది. కేరీ తెలుగు వ్యాకరణం రాతప్రతి 1812 మార్చి 11న ముద్రణాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మళ్లీ రాసి 1814లో అచ్చు వేశారు. 1818లో తెలుగు కొత్త నిబంధన తెచ్చారు. సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ వృక్షశాస్త్ర గ్రంథాన్ని సంస్కరించి అచ్చు వేసిందీ కేరీయే. అయితే ఆ వ్యాకరణంలో పెద్ద లోపం ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న పొరపాటును అది మోసింది. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ ఎల్లిస్ దాన్ని సాక్ష్యాలతో ఖండించాడు. బెంగాల్‌లో కూర్చుని పండితుల నోట విని రాసినదానికీ, తెలుగు మాట్లాడే నేలమీద తేల్చుకున్నదానికీ తేడా అలాంటిది. ఈ తేడా ఇవాళ్టి పాఠ్యపుస్తకాలకూ వర్తిస్తుంది.

రామాయపట్నం, కాకినాడ బాప్టిస్టు సెమినరీలు, రాజమండ్రి లూథర్‌గిరి వంటి సంస్థలు ఒకటై 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలగా ఏర్పడ్డాయి. తర్వాత అది హైదరాబాద్‌కు మారింది. అక్కడి బీడీ పట్టా సెరాంపూర్ సెనేట్‌ది. ఈ చదువు ప్రధానంగా ఇంగ్లిష్‌లో నడుస్తుంది. చదివినవారు ఆదివారం నిలబడి మాట్లాడేది మాత్రం తెలుగులో, ఎక్కువగా పల్లెల్లో.

గ్రీకు తరగతినే చూడండి. లోగోస్, లోగోన్, లోగూ, లోగో అని నామవాచకం చివర మారుతుంది. ఇంగ్లిష్ పుస్తకం దీన్ని వివరించడానికి పేజీలు ఖర్చు చేస్తుంది, ఎందుకంటే ఆ భాషలో పని పదక్రమంతోనూ విడి మాటలతోనూ జరుగుతుంది. వాక్యము, వాక్యమును, వాక్యము యొక్క, వాక్యమునకు అని పక్కన రాస్తే తెలుగు విద్యార్థికి పది నిమిషాల పని. క్రియలూ అంతే. లూఓ, లూఎయిస్, లూఎయి అన్నప్పుడు కర్త క్రియలోనే దాగి ఉంటుంది, మన విప్పుతాను, విప్పుతావు, విప్పుతాడులాగా. కష్టమయ్యే చోటు వేరే ఉంది. గ్రీకులో నామవాచకం ముందు వచ్చే ఉపపదం (ఇంగ్లిష్ 'ది' లాంటిది) తెలుగులో లేదు. గంటలు అక్కడ పెట్టాలి. ఇంగ్లిష్ పుస్తకం సరిగ్గా అక్కడే త్వరగా దాటిపోతుంది, దాని పాఠకుడికి అది ముందే తెలుసు కనుక. తేలికైనదాని మీద సమయం పోయి, కష్టమైనది అర్థం కాకుండానే గడిచిపోతుంది. తెలివైన పిల్లలు గ్రీకు మనకు రాదని నిర్ణయించుకునేది ఈ చుట్టుదారి వల్లే.

సెనేట్‌నూ, తెలుగు సంఘాల పెద్దలనూ మేం కోరేది ఇది. ముందు పారిభాషిక పదకోశం కావాలి. బాప్టిస్టులకు ఒక మాట, లూథరన్లకు ఇంకో మాట ఉన్నచోట రెండూ ఇచ్చి, పరీక్షలో ఏది రాసినా చెల్లుతుందని ముందే ప్రకటించాలి. ఆ తర్వాత గ్రీకు, హీబ్రూ వాచకాలు, సంఘ చరిత్ర, ఈ వరసలో. ఇంగ్లిష్ పుస్తకాన్ని ఒకరి చేతిలో పెట్టి ఆరు నెలల్లో అనువదించమంటే గ్రాంథికం, మక్కికి మక్కి కలిసిన పుస్తకం తయారై అల్మారాలో పడి ఉంటుంది. తెలుగులో పాఠం చెప్పినవారే రాయాలి. ఒక ఏడాది తరగతిలో వాడి చూశాకే అచ్చుకు పంపాలి.

పరీక్ష సంగతి మరవకూడదు. ప్రశ్నపత్రం రెండు భాషల్లో ఇచ్చినా, తెలుగు జవాబుపత్రాలు దిద్దేవారు ఒకే కళాశాల నుంచి ఉంటే మార్కుల మీద అనుమానాలు వస్తాయి. రెండు వేర్వేరు కళాశాలల వారు దిద్దాలి. తేడా ఎక్కువైతే మూడోవారికి పంపాలి. సెరాంపూర్ కళాశాల కేరీ గ్రంథాలయంలోని తెలుగు ప్రతులను స్కాన్ చేసి అందరికీ తెరవడం వీటితోపాటే జరగాలి. ఓసీఆర్ (అచ్చు పేజీ బొమ్మను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) పాత అచ్చులో కనిపించే వలపలగిలకనూ (హల్లుకు ముందు వచ్చే రకారపు గుర్తు) శకటరేఫనూ (ఱ) తప్పుగా చదువుతుంది కాబట్టి పాత అచ్చు చదవగల మనిషి ప్రతి పేజీ సరిచూడాలి.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. పాఠ్యప్రణాళిక నిర్ణయించే అధికారం సెనేట్‌కు ఉంది. ద్విశతాబ్ది కమిటీ తన మొదటి సమావేశంలోనే పదకోశానికి సంపాదకులను నియమించి, గడువు ప్రకటించాలి.