ఎవరి పిల్లలో చూడకుండా మార్కుల పోలికేంది?

సర్కారు ప్రాథమిక బడుల్లో ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం కూడా చదవలేకపోతున్నరని, ప్రైవేటు బడుల మార్కులతో పోల్చి తప్పంతా టీచర్లదేనని మీ పేపర్ల రాసిండ్రు. చదవరాని పిల్లలున్న మాట నిజమే. కానీ ఆ పిల్లలెవరో ఒక్క ముక్క రాయకపోతిరి.

మా నర్సంపేట దిక్కు తండా బడికి వచ్చి చూడండి. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బడిలో తెలుగు. 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం. పుస్తకం తెరిస్తే ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పిల్ల మాట రెండిట్లోనూ ఉండదు. పత్తి ఏరే రోజులొస్తే తల్లి చేనుకు, అక్క చంటిపిల్లను ఎత్తుకొని ఇంటికాడ. ఇంత భూమి ఉన్నోళ్లు, ఆటో నడిపేటోళ్లు సుత అప్పు చేసైనా ప్రైవేటు బస్సు ఎక్కిస్తున్నరు. అదీ చేతగానోళ్ల పిల్లలే ఇక్కడ మిగిలేది. రెండు బడుల మార్కులు పక్కపక్కన పెడితే ఏం తెలుస్తది?

విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు! ఒకరికి సర్వే డ్యూటీ పడ్డదా, అందరూ ఒకే గదిలో. చిన్న తరగతుల పిల్లలకు చదువుడు, లెక్కలు గట్టిగ నేర్పాలని 2022లో సర్కారు తెచ్చిన 'తొలిమెట్టు' ఆలోచన మంచిదే, కానీ రికార్డులు నింపుడుకే సగం పూట పోతదని టీచరైన మా వదిన గొణుగుడు. ఫోన్ చూసుకుంట కూసునేటోళ్లు లేరా అంటే ఉన్నరు, వాళ్లను వెనకేసుకొస్తలేను.

ఈసారి రాస్తే పెద్దపల్లి ఇటుక బట్టీల కాడ ఒడిశా కూలీల పిల్లలు ఏం చదువుతున్నరో కూడా అడిగి రాయండి.