ఉచితం కాబట్టి అడగకూడదా?

బెంగళూరు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ప్రభుత్వ ఆసుపత్రులు, ప్రభుత్వ బడులు పన్ను కట్టేవాళ్ళ దయమీద నడుస్తున్నాయి; ఉచితంగా తీసుకునేవాళ్ళు బాగోగులు అడగకూడదు; అడిగేకొద్దీ డాక్టర్లు, టీచర్లు విసిగిపోతారు; అన్నీ ప్రైవేటుకి అప్పగిస్తేనే బాగుపడతాయి; పైగా మనం పక్క రాష్ట్రం నుంచి బతకడానికి వచ్చినవాళ్ళం, మనకెందుకీ గొడవ. బాగా చదువుకున్నవాళ్ళే దీన్ని నమస్కారం బొమ్మ పెట్టి మరీ పంపుతున్నారు. ఇందులో ఒక్క మాట కూడా నిలవదు.

ముందు పన్ను సంగతి. సర్జాపుర రోడ్డు మీద, వైట్‌ఫీల్డ్ వైపు లేస్తున్న అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్లలో అనంతపురంవాళ్ళు, కళ్యాణదుర్గంవాళ్ళు, పాలమూరువాళ్ళు ఉంటారు. ఇన్‌కంటాక్స్ రిటర్ను వేయరు, నిజమే. కానీ ఊళ్ళో ఉన్న పిల్లలతో మాట్లాడటానికి ఫోను రీచార్జి చేయించుకున్న ప్రతిసారీ 18 శాతం జీఎస్టీ కడతారు. సాఫ్ట్‌వేరు ఇంజనీరు కట్టేదీ అదే 18 శాతం. కాకపోతే వాళ్ళకి అది రోజుకూలిలోంచి పోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పెద్ద భవనం ఏది కట్టినా, ఆ ఖర్చులో 1 శాతం నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సుగా వసూలు చేస్తారు. 1996లో వచ్చిన చట్టంతో మొదలైంది అది. వాళ్ళ పేరు చెప్పి వసూలు చేసిన డబ్బుకి వాళ్ళే లెక్క అడిగితే తప్పెలా అవుతుంది? ఇక ఇన్‌కంటాక్సు కట్టేవాళ్ళు కూడా 2018 నుంచి పన్ను మీద మరో 4 శాతం 'ఆరోగ్య, విద్యా సెస్సు' కడుతున్నారు. సెస్సు పేరులోనే ఆసుపత్రీ బడీ ఉన్నాయి. అది ఎటు పోతోందో అడగాల్సినవాళ్ళే, అడిగేవాళ్ళని నోరు మూసుకోమంటున్నారు.

'దయ' అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో నేను కళ్ళారా చూసింది చెబుతాను. షెడ్లలో ఉండే ఒక అమ్మాయిని కాన్పుకి తీసుకొచ్చారు. కౌంటరులో వాళ్ళత్త చేతికి ఒక చీటీ ఇచ్చి "హొరగడె తగొళ్ళి" అన్నారు. బయట కొనుక్కోమని. ఆమెకి కన్నడం రాదు, చదువూ రాదు. "అన్నా, ఇందులో ఏం రాసినారో జూడన్నా" అని నాకు చూపించింది. గ్లవుజులు, కుట్లేసే దారం, ఒక ఇంజెక్షను. ఆమె నిలబడ్డ చోటే, వెనక గోడమీద కన్నడంలో పెద్ద బోర్డు ఉంది: ఇక్కడ కాన్పు, ఆపరేషను, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటినుంచి రావడానికి, తిరిగి వెళ్ళడానికి బండి, అన్నీ ఉచితమని. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి దేశమంతా ఉన్న ఏర్పాటే ఇది. స్టాకు లేదని కాగితం మీద రాసివ్వమని సిస్టరుని మర్యాదగానే అడిగాను. గ్లవుజులూ దారమూ లోపల్నుంచే వచ్చాయి. ఇంజెక్షను మాత్రం నిజంగానే లేదు. బిడ్డ పుట్టాక ఆయా చేయి చాపింది, మగబిడ్డ కదా అని ఇంకాస్త ఎక్కువ అడిగింది. ఆ అత్త కొంగుముడి విప్పింది. పైసా ఖర్చు కాకూడదన్న చోట ఆ కుటుంబం ఖర్చుపెట్టింది. దీన్ని ఎవరి దయ అనాలి?

చట్టం దయ గురించి మాట్లాడదు. బెంగాల్లో హకీం షేక్ అనే కూలీ 1992లో రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకల్లేవని తిప్పి పంపాయి. 1996లో సుప్రీంకోర్టు ఆ కేసులో, అత్యవసర వైద్యం సమయానికి అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమేనంది. డబ్బుల్లేవన్న సాకు కుదరదంది. నష్టపరిహారమూ ఇప్పించింది. చదువు విషయంలో దారి పడింది మన రెండు రాష్ట్రాల కేసులతోనే: 1992లో కర్ణాటక మీద మోహినీ జైన్ వేసిన కేసు, 1993లో ఆంధ్రప్రదేశ్ మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కని రెండోదానిలో తేలింది. 2002లో అది 21ఏ అధికరణంగా రాజ్యాంగంలోకి ఎక్కింది.

అడగకపోతే ఏమవుతుందో బళ్ళారి చెబుతుంది. తెలుగూ కన్నడమూ కలిసి బతికే ఊరది. 2024 నవంబరులో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్లయిన తల్లుల్లో ఐదుగురు ఆ తర్వాత చనిపోయారు. ఎక్కించిన సెలైను మీద అనుమానాలు వచ్చాయి. రాష్ట్రమంతా గగ్గోలెత్తాకే డ్రగ్ కంట్రోలరుని సస్పెండ్ చేశారు. ఉచితంగా ఎక్కించిన సెలైను కదా అని ఆ ఇళ్ళవాళ్ళు ఊరుకోవాల్సిందా?

అడిగితే సిబ్బంది విసిగిపోతారన్న మాటకొద్దాం. డాక్టరు మీద చేయి చేసుకునేవాణ్ణి నేను సమర్థించను, దానికి కర్ణాటకలో 2009 నుంచి చట్టమే ఉంది. కానీ లెక్క అడగడం, కొట్టడం ఒకటి కాదు. ఒక్క సిస్టరే వార్డంతా చూసుకుంటుంటే, మిగతా పోస్టులు ఎందుకు నింపలేదని అడగడం ఆమె తరఫున మాట్లాడటమే. టీచర్లదీ అదే కథ. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకి సంబంధంలేని పనులకి టీచర్లని వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షను చెబుతుంది. 2025 అక్టోబరులో సామాజిక, విద్యా సర్వే కోసం టీచర్లని ఇంటింటికీ తిప్పుతూ, కర్ణాటకలో దసరా సెలవుల్ని 18వ తేదీదాకా పొడిగించారు. పోయిన ఆ పాఠాల లెక్క తల్లిదండ్రులు అడగక ఎవరు అడుగుతారు?

ప్రైవేటుకి అప్పగిస్తే జవాబుదారీ వస్తుందన్నది పగటికల. హిందూపురంలో గుండెనొప్పి వస్తే బెంగళూరులోని జయదేవకి, చిత్తూరులో కాన్సరంటే కిద్వాయికి, కర్నూలులో మెదడు జబ్బంటే నిమ్హాన్స్‌కి బస్సెక్కుతారు. మూడూ ప్రభుత్వం నడిపేవే. చార్జీలకు, రోగుల ఫిర్యాదులకు ఒక పద్ధతి పెట్టడానికి కర్ణాటక ప్రభుత్వం 2017లో చట్టసవరణ తెస్తే, ప్రైవేటు ఆసుపత్రులు ఆ నవంబరులో ఓపీలు మూసి సమ్మె చేశాయి. పోనీ బడులైనా అంటే, ప్రైవేటు స్కూళ్ళలో పేదపిల్లలకి ఉండాల్సిన 25 శాతం సీట్లు, దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ఇవ్వనక్కర్లేదని 2019కల్లా కర్ణాటక నిబంధన మార్చేసింది. పేదింటి పిల్లకి ఇక మిగిలింది ఆ ప్రభుత్వ బడే. దాన్నీ వదిలేస్తే ఎక్కడికి వెళ్ళాలి?

చివరిది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది: మనం బయటివాళ్ళం అన్న మాట. మేస్త్రి పని ముగించి ఇంకో సైటుకి పంపిస్తే పిల్లల బడి మారుతుంది. టీసీ తెస్తేనే చేర్చుకుంటామని ఒక హెడ్మాస్టరు అంటే, ఆ తండ్రి మారుమాట్లాడకుండా పిల్లని సైటుకే తీసుకుపోయాడు. ఆ పిల్ల ఇప్పుడు ఇసుక కుప్ప దగ్గర తమ్ముణ్ణి ఆడిస్తోంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షనులో ఉంది. వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపకూడదని 14లో, వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదేనని 9లో ఉంది. ఏ రాష్ట్రం వాళ్ళన్న ప్రశ్నే లేదు. ఇక్కడ ఎస్‌డీఎంసీ అనే బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో తెలుగు తల్లి కూడా కూర్చోవచ్చు.

ఉగాదికి హాలు బుక్ చేసి వందలమందికి భోజనం పెట్టగల మన సంఘాలు, ఆ షెడ్ల దగ్గరికి కన్నడం రాయడం వచ్చిన ఒక మనిషిని పంపించగలవు. కర్ణాటకలో సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు చాలు. ఒకే విషయం, 150 పదాల లోపు. మన వార్డులోని నమ్మ క్లినిక్‌ అనే ప్రభుత్వ క్లినిక్‌లో గత మూడు నెలల్లో ఏ మందు ఎన్ని రోజులు లేదు, ఆ మందు కావాలని ఇండెంటు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు వచ్చింది అని రాయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేయండి.