ఫ్రిజ్ డోర్‌లో కాపురం పెట్టిన స్టిరాయిడ్ చుక్కల సీసా గారికి

అయ్యా సీసా గారూ, బాగున్నారా. 2023 వర్షాల్లో ఊరంతా కండ్లకలక పాకినప్పుడు కదా మీరు మా ఇంటికొచ్చింది, చీటీ లేదు డాక్టర్ లేడు, సందు చివర మెడికల్ షాపులో "కళ్ళు ఎర్రగా ఉన్నాయన్నా" అంటే చాలు తీసిచ్చేశాడు. చీటీ లేకుండా అమ్మకూడదని మీ ఒంటి మీదే రాసుంటుంది లెండి, కానీ ఆ చీమ అక్షరాలు చదవాలంటే ముందు కళ్ళు బాగుండాలి కదా.

మీ పనితనం మాత్రం అమోఘం. రెండు చుక్కలకే మంట పోయె, ఎరుపు పోయె, నాన్నకి మీరు దేవుడైపోయారు. కండ్లకలక వారంలో పోయింది, మీరే పోలేదు. దుమ్ము పడితే మీరే, టీవీ చూసి కళ్ళు లాగితే మీరే, అయిపోతే మళ్ళీ కొత్త మీరే.

ఏడాదిన్నర తర్వాత నాన్న బండి మీద వెళ్తూ పక్కనుంచొచ్చిన ఆటోని చూసుకోలేదు, ఆటోవాడిదే తప్పని గంటసేపు తిట్టాం పాపం. కంటాసుపత్రిలో కంటి ప్రెషర్ చూస్తే 34, మామూలుగా 21 లోపు ఉండాలట. నీటికాసులు (గ్లాకోమా) అన్నారు. కంటి లోపలుండే నీళ్ళు బయటికి పోయే జల్లెడని మీరు మెల్లగా పూడ్చేస్తుంటే ఆ ఒత్తిడికి వెనకున్న నరం నలిగిపోయింది, నొప్పి లేదు, ఎరుపు లేదు (అది మీరే పోగొట్టారుగా!), పక్కచూపు అంచుల్నుంచి తినుకుంటూ వచ్చారు, పోయింది ఇక రాదట.

మీరొక్కరే దోషి అనడం అన్యాయమే. డాక్టరమ్మ అడుగుతుంటే ఒక్కోటీ బయటపడింది, వయసు 58, పదేళ్ళ షుగరు, చిన్నప్పట్నుంచీ మైనస్ ఏడు అద్దాలు, పైగా మా నాయనమ్మకి చివర్లో చూపు పోతే "ముసలితనం" అని సరిపెట్టుకున్నాం, అదీ ఇదేనేమో. మీతో అందరికీ ప్రెషర్ పెరగదట, ఇలాంటి వంశాల్లోనే ఎక్కువట, అంటే సరిగ్గా అడ్రస్ కనుక్కునే వచ్చారన్నమాట. నన్నూ బాబాయినీ కూడా టెస్ట్ చేయించుకోమన్నారు. బాబాయి "నాకు బాగానే కనపడుతోందిరా" అంటున్నాడు, నాన్న కూడా అదే అనేవాడు.

కంటి ఆపరేషన్లయ్యాక మీతో చాలా అవసరమట, కాకపోతే ఎన్ని రోజులో లెక్క రాసిచ్చి మధ్యలో ప్రెషర్ చూస్తూ వాడతారట. మేం లెక్క ఎవర్నడిగాం లెండి.

మీ చోట్లో ఇప్పుడు ఇంకో సీసా ఉంది, ప్రెషర్ తగ్గించేది, రోజూ రాత్రి ఒక్క చుక్క, జీవితాంతం. నిన్న ఎదురింటి ఆంటీ వచ్చి "మా పిల్లాడికి కళ్ళు దురద, మీ ఇంట్లో చల్లటి చుక్కలేవో ఉండేవి కదమ్మా" అని అమ్మని అడిగింది.

ఇట్లు,
ఆ ఇంటి పెద్దబ్బాయి