371 వత్తులు

సెప్టెంబరులో మన సంఘం వినాయక చవితినీ గ్రాండ్‌పేరెంట్స్ డేనీ కలిపి ఒకే రోజు జరిపింది. సెప్టెంబరు మొదటి సోమవారం జరిపే లేబర్ డే తరువాత వచ్చే ఆదివారాన్ని తాతయ్యలకూ అమ్మమ్మలకూ కేటాయిస్తూ 1978లో, కార్టర్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, మనం ఉంటున్న ఈ అమెరికాలో ప్రకటన వెలువడింది. మన పండుగకు దగ్గరగా పడింది కాబట్టి రెండూ కలపడం మంచి ఆలోచనే. పొద్దున పిల్లలు బల్లల చుట్టూ చేరి మట్టి వినాయకులను చేశారు. తొండం విరిగితే తడి అద్ది మళ్ళీ అతికించారు, కళ్ళకు మిరియాలు గుచ్చారు, భోజనానికి పిలిచినా లేవలేదు. సాయంత్రం పెద్దల సత్కారంలో ఆ పిల్లలనే వేదిక మీదికి పిలిచి, తలకొక సంచి చేతికిచ్చి, వారి వారి పెద్దలకు ఇప్పించాము. సంచిలో కుటుంబం ఫొటో అచ్చువేయించిన కాఫీ కప్పు ఉంది. నేను మెట్ల దగ్గర నిలబడి సంచులు అందిస్తున్నాను. వేదిక దిగుతూ ఒక పెద్దావిడ మనవడిని "ఏముంది నాన్నా ఇందులో?" అని అడిగారు. "తెలీదు నానమ్మా, అంకుల్ ఇమ్మన్నారు" అన్నాడు వాడు. వాడి గోళ్ళలో పొద్దుటి మట్టి ఇంకా పోలేదు.

ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంది. కప్పులు తెప్పిద్దామన్నప్పుడు చేయి ఎత్తిన వారిలో నేనూ ఉన్నాను. హాలు అద్దె గంటల లెక్కన ఉంటుంది, వాలంటీర్లు వారమంతా ఉద్యోగాలు చేసి వచ్చినవారు, అందరికీ సమానంగా ఒకే వస్తువు ఇస్తే ఎవరికీ మాట రాదు. ఇవన్నీ న్యాయమైన కారణాలే. అయినా, పొద్దున దేవుడినే చేయగలిగిన చేతులకు సాయంత్రం మూతి కట్టిన సంచి ఎందుకు ఇచ్చామన్న ప్రశ్నకు ఇవేవీ జవాబు కావు.

నిరుడు దసరా నాటి ఫోనులో తెనాలి నుంచి మా అమ్మ, వేళ్ళ కీళ్ళు పట్టేశాయనీ, కార్తీక పౌర్ణమికి ఈసారి 365 వత్తుల కట్ట బజారులో కొనుక్కుంటాననీ ఏదో మాటలో మాటగా అంది. ఏడాదిలో ఏ రోజైనా దీపం తప్పి ఉంటే ఆ లోటు తీరాలని రోజుకు ఒకటి చొప్పున వెలిగించే ఆ వత్తులను తన చేత్తో చేసుకోవడం ఆమెకు నా చిన్నతనం నుంచీ నియమం. నేను ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న తొమ్మిదేళ్ళ మా అమ్మాయి పట్టించుకుంది. మా వీధిలో కొడుకు ఇంటికి వచ్చి ఉన్న ఒక పిన్నిగారి దగ్గరకు వెళ్ళి, తనకు వత్తులు చేయడం నేర్పమని అడిగింది.

మందుల షాపులో దొరికే దూది ఉండలు పనికి రాలేదు. పొడవాటి చుట్టగా అమ్మే దూదిని తెచ్చి, పలచగా విడదీసి, వేళ్ళకు కాస్త విభూతి అద్దుకుని అరచేతుల మధ్య నలపాలని పిన్నిగారు చూపించారు. మొదటి రోజు చేసినవి లావుగా, వదులుగా, ఒక కొన మొద్దుగా వచ్చాయి. పదకొండు సాయంత్రాలు పట్టింది. ఒకనాటి రాత్రి అమ్మాయి పడుకున్నాక, ఆ వంకర వత్తులను ఏరి నేను మళ్ళీ నలపబోయాను. మరునాడు ఆ సంగతి చెబితే పిన్నిగారు, "వాటి జోలికి వెళ్ళకమ్మా, మీ అమ్మకు కావలసినవి అవే" అన్నారు. పౌర్ణమికి వారం ముందు ఆవిడ విజయవాడ వెళుతూ ఆ పొట్లాన్ని తీసుకెళ్ళారు. ఊరికి వెళ్ళే ప్రతి పెట్టెనూ త్రాసు మీద పెట్టి సామాను తీసివేసే మన ఇళ్ళలో, దూదికి బరువు చూసేవారు ఎవరూ ఉండరు.

అమ్మ వాటిని లెక్కపెట్టుకుంటే 371 వచ్చాయట. 365 నేతిలో తడిపి గుడిలో వెలిగించింది. మిగిలిన ఆరింటినీ పసుపు కుంకుమల పెట్టెలో దాచుకుంది. అవి మొదటి రోజు చేసిన లావు వత్తులు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఆమెకు పట్టుకెళ్ళిన సెంటు సీసా ఇప్పటికీ మూత తీయకుండా బీరువాలో ఉంది.

పెద్దలకు పిల్లలు కానుకలిచ్చే ఆచారం మనకు లేదని, దణ్ణం పెడితే చేతిలో నోటు పెట్టే ఆచారమే ఉందని కొందరు మిత్రులు అన్నారు. నేను ఒప్పుకోను. గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు కోసుకొచ్చి ఇచ్చాము, నానమ్మకు సూదిలో దారం ఎక్కించాము, తాతయ్యకు పేపరు చదివి వినిపించాము. కానుక అన్న పేరు పెట్టలేదంతే. మన ఆచారంలో లోపం ఉన్నది మరొక చోట: పిల్ల చేసినది నలుగురికీ చూపించేంత చక్కగా లేకపోతే మనం దాన్ని సరిదిద్దుతాము, లేదా దాచేస్తాము. నేను ఆ రాత్రి చేయబోయింది అదే.

వత్తులొక్కటే కాదు. అమ్మమ్మను అడిగి తెలుసుకున్న చుక్కల ముగ్గులను గళ్ళ కాగితాల మీద వేసి, ఏది ఎన్ని చుక్కలో పక్కన తెలుగులో రాసి, పుస్తకంగా కుట్టి ఆమెకే ఇవ్వవచ్చు. చూపు తగ్గిన తాతయ్యకు ఏకాదశులూ మనవల పుట్టినరోజులూ పెద్ద అక్షరాలతో చేత్తో రాసిన క్యాలెండరు, అక్షరాల కింది ఒత్తులు తప్పినా సరే, గోడ మీద ఏడాదంతా ఉంటుంది.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. సంక్రాంతి కార్యక్రమంలో భోజనాలకూ సాంస్కృతిక ప్రదర్శనలకూ మధ్య నలభై నిమిషాలు ఇవ్వండి. ఇక్కడికి వచ్చి ఉన్న పెద్దలను సత్కారానికి కుర్చీల్లో కూర్చోబెట్టడానికి బదులు, బల్లల దగ్గర పిల్లల మధ్య కూర్చోబెట్టండి. ఆ పిల్లలు చేసినవి ఊళ్ళో ఉన్న తమ అమ్మమ్మలకూ తాతయ్యలకూ వెళ్ళాలి. తిరిగి వెళ్ళే పెద్దలు తలా కొన్ని పొట్లాలు తీసుకెళతారు. దూదీ విభూతీ గళ్ళ కాగితాలూ నేను తెస్తాను. వత్తులు చేయడం తెలిసి, జనవరి దాకా ఇక్కడ ఉండబోయే పెద్దలు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే దయచేసి నాకు చెప్పండి. మా పిన్నిగారు ఈ ఏడు రావడం లేదు.