హాజరు పట్టీ గారికి కూటమి కోఆర్డినేటరు రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ హాజరు పట్టీ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఎవరి కుశలం, ఎప్పటితో పోలిస్తే కుశలం, కొలిచిందెవరు అని మా రిపోర్టులు చూసే ఆఫీసరు అడుగుతారు. ఆస్పత్రి, బడి లాంటి సంస్థల వాళ్ళు ఊరి ఆరోగ్యం కోసం కలిసి కూర్చునే స్థానిక ఆరోగ్య ప్రోత్సాహక కూటమిలో పనిచేసేవాళ్ళకి తీరిగ్గా ఒక ఉత్తరం రాసుకునే సుఖం కూడా లేదు. అందుకని కుశలం మాట పక్కనపెట్టి నేరుగా విషయానికొస్తాను.

మా కూటమికి అసలు పెద్ద మీరే. అధ్యక్షులు మారతారు, గ్రాంటు ఇచ్చేవాళ్ళు మారతారు, వర్క్‌షాపు పెట్టినప్పుడల్లా మా ఆశయ ప్రకటన కూడా మారుతుంది. మీరు మాత్రం మారలేదు. వరస సంఖ్య, పేరు, సంస్థ, ఫోను, సంతకం. అవే అయిదు కాలమ్‌లు. నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు మీ ఫొటోకాపీలు ఒక కట్ట నా చేతికిచ్చి, "ఇవి జాగ్రత్త, మిగతావన్నీ మెల్లగా తెలుస్తాయి" అన్నారు. మిగతావి ఇంకా తెలుసుకుంటూనే ఉన్నాను.

సమావేశం మొదలవగానే మీరు బల్ల చుట్టూ ప్రదక్షిణకి బయల్దేరతారు. మీతో పంపిన పెన్ను మూడో మనిషిని దాటేసరికి వేరే పెన్ను అయిపోతుంది. ఆస్పత్రి తరఫున వచ్చే నర్సు గారు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో మిమ్మల్ని అదిమిపట్టి సంతకం గిలికేస్తారు. బడి తరఫు మాస్టారు ముందు పైనుంచి కింది దాకా పేర్లన్నీ చదివి, ఎవరు రాలేదో తేల్చుకుని, అప్పుడు పెడతారు. యువజన ప్రతినిధికి నలభై దాటాయి. పాపం ఆయనా తప్పుకుంటాననే అంటున్నాడు, ఆ కుర్చీలోకి మరో యువకుడు దొరకడం లేదు. ఇక ఆలస్యంగా వచ్చినవాళ్ళలో "చర్చ ఎంతదాకా వచ్చింది?" అని అడిగినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. "పట్టీ ఎంతదాకా వచ్చింది?" అనే అడుగుతారు.

మా గోడ మీద ఒట్టావా ఛార్టర్ పోస్టరుంది. ఆరోగ్య ప్రోత్సాహం ఎలా ఉండాలో చెబుతూ 1986 నవంబరులో అంతర్జాతీయ సమావేశంలో రాసుకున్నది. జనం చదువుకునే చోట, పనిచేసే చోట, ఆడుకునే చోట, ప్రేమించుకునే చోట ఆరోగ్యం తయారవుతుందని దాని సారం. ఆ పోస్టరు కిందే మేం పనిరోజున ఉదయం పదిన్నరకి సమావేశమవుతాం. ఆ వేళకి చదువుకునేవాళ్ళు బడిలో ఉంటారు, పనిచేసేవాళ్ళు పనిలో ఉంటారు. ప్రేమించుకునేవాళ్ళ సంగతి నేను చెప్పలేను గానీ మా హాల్లో మాత్రం ఉండరు. ఇలాంటి సమావేశాలకి రావడమే ఉద్యోగమైన వాళ్ళం మిగులుతాం.

అలా మిగిలినవాళ్ళం పదిహేడుమంది. పొగాకు ఉపసంఘంలో ఆ పదిహేడుమందే, నడక ఉపసంఘంలో ఆ పదిహేడుమందే, మానసిక ఆరోగ్య ఉపసంఘంలోనూ ఆ పదిహేడుమందే. మూడు సమావేశాలకి మూడు పట్టీలు. రిపోర్టులో "హాజరు: 51". ఒక్క అక్షరం అబద్ధం లేదు, అన్నిటికీ మీరే సాక్షి.

ఆ మధ్య మాకు ప్రజా భాగస్వామ్యం మీద శిక్షణ పెట్టారు. జనానికి నిజంగా ఎంత అధికారం దక్కిందో కొలవడానికి షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికా ఆవిడ 1969లో గీసిన నిచ్చెన చూపించారు. ఎనిమిది మెట్లు. అట్టడుగున జనాన్ని ఆడించడం, అందరికన్నా పైన పెత్తనం జనం చేతుల్లోకి రావడం. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. ఈ మూడూ ఉత్త లాంఛనాలేనని ఆవిడ అప్పుడే తేల్చేసింది. "మరి సంతకం పెట్టించుకోవడం ఎన్నో మెట్టండీ?" అని నేనడిగాను. శిక్షకుడు కాసేపు ఆలోచించి, మిమ్మల్ని నా వైపు జరిపాడు. శిక్షణకి కూడా హాజరు ఉంటుంది కదా.

ఇంతకీ నా బాధ ఇది కాదు. ఒకరోజు సమావేశం మధ్యలో తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఎవరో అలవాటు కొద్దీ మిమ్మల్ని ఆవిడ ముందు పెట్టారు. పేరు కుదురుగా రాసి, 'సంస్థ' దగ్గర పెన్ను ఆపి, "ఇక్కడేం రాయాలమ్మా?" అంది. "ఎక్కణ్ణుంచి వచ్చారో రాయండి" అన్నాను. "మూడో అంతస్తు" అని రాసింది.

ఆవిడ చెప్పింది రెండు నిమిషాల్లో అయిపోయింది. రోజూ నడవమని డాక్టరు చెప్పారు. పగలు ఇంటి పని, నడక సాయంత్రమే కుదురుతుంది. నడకదారిలోకి దిగే మెట్ల దగ్గర దీపం వెలగడం లేదు. చీకటి పడితే మెట్టు కనపడదు. అంతే. ఆ సమయానికి మా తెర మీద "నడక సంస్కృతిని పెంపొందించుట" అనే స్లైడు నడుస్తోంది.

ఇది ఏ ఉపసంఘం కిందికి వస్తుందని చర్చ మొదలైంది. నడక అన్నారు కాబట్టి నడక ఉపసంఘమా, వయసు చూస్తే వృద్ధుల ఉపసంఘమా, మెట్లు కాబట్టి ప్రమాదాల నివారణా? నలభై నిమిషాలు పట్టింది. పెద్దావిడ మర్యాదగా అందరి మాటా విని, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మినిట్స్‌లో "పరిసరాల భద్రత అంశం ప్రస్తావనకు వచ్చినది" అని రాశాను. రాసింది నేనే, ఎవరి మీదా నెట్టను. రిపోర్టులో "సమాజ ప్రతినిధులు: 1" అని పడింది. ఆ ఒకటి చూసి పైవాళ్ళు సంతోషించారు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలియదు, ఎందుకంటే అప్పటికి మీరు ఫైల్లోకి వెళ్ళిపోయారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ నర్సు గారు మాస్టారిని అడిగారు, "ఆ దీపం ఎవరిదండీ అసలు?" గుమ్మం దగ్గర నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం మాస్టారు వెళ్ళి మెట్లకీ, స్తంభం మీద నంబరుకీ ఫొటో తీశారు. నర్సు గారు డ్యూటీ మధ్యలో పదకొండుసార్లు ఫోను చేశారు. ఒక ఆఫీసు అది మాది కాదంది, రెండోది మొదటివాళ్ళదే అంది. పన్నెండోసారి యువజన ప్రతినిధి స్వయంగా వెళ్ళి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి కాబట్టి గదమాయించి పంపేయలేకపోయారు. దీపం వెలిగింది.

మొత్తం సంవత్సరంలో మేం చేసిన పని ఏదైనా ఉందంటే అదే. దానికి ఎజెండా లేదు, సంతకాలు లేవు. ఆశపడి రిపోర్టులో రాశాను. "చేరుకున్న వారి సంఖ్య?" అని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

ఏం రాయను? ఆ మెట్ల మీద పడకుండా ఇంటికి చేరినవాళ్ళని వెతికి పట్టుకుని, 'పడలేదు' అని సంతకం పెట్టించమంటారా? వాళ్ళకే తెలియదు తాము పడలేదని. వచ్చినవాళ్ళని లెక్కపెట్టడం మీ పని, రాబోయే ఆపదని రానివ్వకుండా చూడడం మా పని. మీకూ మాకూ పొత్తు కుదిర్చిందెవరో గానీ జాతకాలు చూడకుండా కుదిర్చారు. ఊరంతటికీ ఎంతో మేలు చేసే నివారణ చర్య విడిగా ఒక్కొక్కరికి చేసేది చాలా కొంచెమేనని జెఫ్రీ రోజ్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు 1981లోనే రాశాడు. ఆ కొంచెం మీ గడిలో పట్టదు.

మాకు గర్వం తలకెక్కకుండా ఉండడానికి నేనే ఒక సంగతి గుర్తుచేసుకుంటూ ఉంటాను. అమెరికా, కెనడాల్లో 11 జతల ఊళ్ళు తీసుకుని, ప్రతి జతలో ఒక ఊళ్ళో స్థానికులతో బోర్డులు వేయించి, నాలుగేళ్ళు పొగాకు మీద పనిచేశారు. 1995లో ఫలితాలొచ్చాయి. విపరీతంగా పొగతాగేవాళ్ళలో రెండు రకాల ఊళ్ళకీ తేడా కనపడలేదు. ఓ మోస్తరుగా తాగేవాళ్ళలో మానేసినవాళ్ళు పని జరిగిన చోట 30.6 శాతం, పని జరగని చోట 27.5 శాతం. ఆ మూడు శాతం తేడా కోసం ఎన్ని సమావేశాలై ఉంటాయో, ఎన్ని హాజరు పట్టీలు బల్లల చుట్టూ తిరిగి ఉంటాయో తలుచుకుంటే మాకు మేమే లోకువైపోతాం. ఆ మూడు శాతంలో ఉన్న మనిషికి మాత్రం అది మూడు శాతం కాదు లెండి.

సంతకాలన్నిటినీ నేను తిట్టడం లేదు. ఫిన్లాండులోని ఉత్తర కరేలియాలో మగవాళ్ళు గుండెజబ్బుతో మధ్యవయసులోనే పోతుంటే, 1971లో ఆ ప్రాంత ప్రతినిధులు సాయం చేయమని ప్రభుత్వానికి అర్జీ రాసి సంతకాలు పెట్టారు. మరుసటి ఏడు పెక్కా పుస్కా అనే డాక్టరు నాయకత్వంలో ప్రాజెక్టు మొదలైంది. తర్వాతి మూడున్నర దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అవీ సంతకాలంటే! అయితే అక్కడా పేచీ ఉంది. ఫిన్లాండులో మిగతా చోట్లా మరణాలు బాగా తగ్గాయి కాబట్టి ఈ ఘనతలో ఎంత వాటా ప్రాజెక్టుదని పండితులు వాదించుకున్నారు. బతికి ఉన్నవాళ్ళు ఆ వాదనకి హాజరైనట్టు లేదు.

మీకు ఆరో కాలమ్ ఒకటి చేర్చమని అడుగుదామనుకున్నాను, "కుర్చీలు సర్దాక ఏం చేశారు?" అని. ఆలోచిస్తే భయమేసింది. కాలమ్ పెట్టిన మరుక్షణం కుర్చీలు సర్దే ఉపసంఘం పుడుతుంది. దానికీ ఆ పదిహేడుమందే.

చివరగా ఒక ఫిర్యాదు. దీపం వెలిగాక జరిగిన సమావేశానికి మూడో అంతస్తు పెద్దావిడ రాలేదు. సాయంత్రాలు నడకదారిలో కనపడుతోందని మాస్టారు చెప్పారు. రిపోర్టు మీద మళ్ళీ ఎర్ర సిరా పడింది: "సమాజ ప్రతినిధుల సంఖ్య 1 నుంచి 0కి పడిపోయినది. కారణం వివరించండి."

"దీపం వెలుగుతోంది" అని రాసి పంపాను. కారణం సరిగా లేదు, సవరించి పంపమని తిరిగొచ్చింది.

ఇట్లు,
తమ విధేయురాలు,
వరస సంఖ్య 1